పసుపు, నూనె, డిస్క్ ప్రింటర్

మా కాలనీలో పెళ్ళి వీడియోలు తీసే ఒకాయన ఉన్నాడు. మొన్న ఉప్పల్ మెట్రో మెట్ల దగ్గర నన్ను ఆపి, "అన్నా, మీరు దవాఖానాల కొనుగోళ్ళు జూసినోళ్ళు గదా. డిస్క్ మీద ఫోటోలు ప్రింట్ జేసే మిషన్ ఒకటి ఇంట్ల వెట్టుకుందామనుకుంటున్న. ఏది మంచిదో జర చెప్పుర్రి" అన్నాడు.

ఈ కాలంలో ఇంకా సీడీ డిస్కులేమిటి, అందరూ పెన్‌డ్రైవ్ అడుగుతున్నారు కదా అన్నాను. ఆయన నవ్వి, "పెన్‌డ్రైవ్ ఇస్తే పిల్లలు దాంట్ల సినిమాలు ఎక్కిస్తున్నరన్నా. పెళ్ళి పోతున్నది. డిస్క్ ఇస్తే ఎవ్వరు ముట్టరు" అన్నాడు. ఈ మాట నాకు నచ్చింది. సరే అని నా పాత ప్రశ్న వేశాను. "మీ చేతుల్లోంచి పోయినంక ఆ డిస్క్ ఎక్కడుంటది?"

మిషన్ గురించి అడిగితే ఈ ముసలాయన ఏదో మాట్లాడుతున్నాడనుకున్నాడేమో, తల గోక్కున్నాడు. ఆ ప్రశ్న నిజానికి నాది కాదు. మా రేడియాలజీ ఇన్‌చార్జి మేడం దగ్గర నేర్చుకున్నది. నాచారంలో ఒక మధ్యరకం ఆసుపత్రిలో కొనుగోళ్ళ విభాగం చూసి రిటైరయ్యాను నేను. దూది నుంచి జనరేటర్ దాకా అన్నీ నా సంతకంతోనే లోపలికి వచ్చేవి. ఇప్పుడు అలాంటి కుర్చీల్లో కూర్చున్న మీకోసం ఒక చిన్న కొనుగోలు గురించి రాస్తున్నాను. మిషన్ల సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. ఫోన్ తీసి క్షణంలో అన్నిటి జాతకాలూ చదివేస్తారు. నేను చెప్పేది ఆ ఫోన్లో దొరకదు.

ముందు మేడం గురించి చెప్పాలి. రైల్వే ఉద్యోగి కూతురు, పట్టుదల మనిషి. స్కాన్ గది తలుపు మూసి ఉన్నా ఆమె గొంతు లిఫ్ట్ దగ్గరికి వినబడేది. ఆసుపత్రి మొత్తంలో ఆమెకి భయపడనివాళ్ళు ఇద్దరే, పెద్ద డాక్టరు గారూ, నేనూ. పెద్ద డాక్టరు గారి విషయంలో నాకు కొంచెం అనుమానం ఉంది. నా విషయంలో అసలు అనుమానమే లేదు, ఆమె మెట్లు దిగి మా గదివైపు వస్తోందంటే నేను కుర్చీలో సర్దుకుని కూర్చునేవాణ్ణి. కానీ స్కాన్ బల్ల మీద పడుకోబెట్టిన మనిషి దగ్గర ఆమె గొంతు పూర్తిగా మారిపోయేది. "ఏం లేదమ్మా, జర సప్పుడైతది అంతే. నేను ఈ అద్దం ఎనకనే ఉంట" అనేది. ఆ మాట విన్నాక ముసలివాళ్ళు కూడా కదలకుండా పడుకునేవాళ్ళు.

స్కాన్ తీశాక పేషంటుకి డిస్క్ ఇస్తామన్నది మీకు తెలిసిందే. అంతకుముందు నల్లటి ఫిల్ములు ఇచ్చేవాళ్ళం. ఫిల్మును ట్యూబ్‌లైట్‌కి ఎత్తి పట్టుకుంటే మామూలు మనిషికి కూడా ఏదో ఒకటి కనబడేది. డిస్క్ అలా కాదు. ఎవరిదైనా ఒకలాగే మెరుస్తుంది. ఎవరిదో తెలియాలంటే దాని మీద రాసి ఉన్న పేరే దిక్కు. మొదట్లో మార్కర్ పెన్నుతో రాసి ఇచ్చేవాళ్ళు. స్పిరిట్ చేతులు తగిలితే రాత పోయేది, పోకపోయినా స్కాన్ గదివాళ్ళ చేతిరాత వాళ్ళకే అర్థం కాదు. తరువాత గుండ్రటి కాగితం స్టిక్కర్లు వచ్చాయి. కంప్యూటర్లో పేరు కొట్టి, స్టిక్కర్ మీద ప్రింట్ తీసి, డిస్కుకి అంటించడం. చూడ్డానికి ముచ్చటగా ఉండేవి. అందరూ బాగున్నాయన్నారు.

ఆ స్టిక్కర్ల రోజుల్లోనే మల్లాపూర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసే ఒకాయన తన భార్యని తీసుకొచ్చాడు. ఆమెకి ముప్ఫై దాటి ఉంటాయి. క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చింది, ఆదివారాలు చర్చిలో బైబిల్ వాక్యం చదివేది ఆమేనట. ఈయన వాళ్ళ ఇంట్లో వేరే దేవుళ్ళు. ఇద్దరూ ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. కొన్నాళ్ళుగా చదువుతూ చదువుతూ ఆమె మధ్యలో ఆగిపోతోంది. తరువాత ఇంట్లో మాటలూ తప్పిపోవడం మొదలైంది. గ్లాసు కావాలని చూపిస్తుంది కానీ గ్లాసు అనలేదు. స్కాన్ తీస్తే ఎడమవైపు మెదడులో, మాటలు పుట్టే చోటుకి దగ్గర్లో గడ్డ కనబడింది. అది తీసే ఆపరేషన్ మా దగ్గర అయ్యేది కాదు. పెద్ద సర్కారు దవాఖానాకి రాసి పంపించారు.

అక్కడి పద్ధతి ఏమిటంటే, వారంలో ఒక రోజు పేషంట్ల డిస్కులు కౌంటర్ దగ్గర తీసుకుంటారు. అన్నీ ఒక దొంతర పెట్టి లోపలికి తీసుకుపోతారు. డాక్టర్లందరూ కూర్చుని ఒక్కొక్కటీ చూసి ఎవరికి ముందు ఆపరేషన్ చేయాలో తేలుస్తారు. ఈయన భార్యని బల్ల మీద కూర్చోబెట్టి, డిస్క్ ఇచ్చి, జిరాక్స్ కాపీలు కావాలంటే బయటికి పోయాడు. లోపల ఆ డిస్కుని కంప్యూటర్లో పెడితే, స్టిక్కర్ అంచు లేచి లోపల ఇరుక్కుంది. ఎలాగో పీకి తీశారు. స్టిక్కర్ ముక్కలైంది, పేరు పోయింది, మళ్ళీ లోపల పెడితే డిస్క్ తెరుచుకోలేదు. లోపలినుంచి ఒకతను దాన్ని పట్టుకుని బయటికి వచ్చి, "ఇది ఎవలది?" అని అడిగాడు.

ఆమె ఎదురుగానే కూర్చుని ఉంది. తనదేనని ఆమెకి తెలుసు. లేచి నిలబడింది కూడా. నోట్లోంచి మాట రాలేదు. చేయి ఊపింది, అతను పక్కకి జరగమంటోందనుకున్నాడు. మళ్ళీ అడిగాడు, ఎవరూ పలకలేదు, లోపలికి పోయాడు. భర్త తిరిగి వచ్చేసరికి ఆమె నిలబడే ఉంది, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. ఏమైందో ఆయనకి అర్థమయ్యేలోపల డాక్టర్ల మీటింగు అయిపోయింది. మళ్ళీ డిస్క్ తీయించుకుని రమ్మన్నారు.

మరుసటి రోజు ఆయన మా ఆసుపత్రికి వచ్చి స్కాన్ గది ముందు నిలబడి ఇదంతా చెప్పాడు. కోపంగా చెప్పలేదు. "మేడం, అది నాదే అని ఒక్క మాట అనలేకపోయింది. గా డిస్క్ మీద పేరుంటే అదే చెప్పేది గదా" అన్నాడు. మేడం అంతా విని, మళ్ళీ డిస్క్ చేసి, ఆ వారం సెలవు పెట్టి వాళ్ళతోపాటు తనే ఆ పెద్ద దవాఖానాకి పోయింది. ఎవరితో మాట్లాడిందో, ఎంత గొంతు పెట్టిందో నాకు తెలియదు. ఆపరేషన్‌కి కొత్త తేదీ తీసుకుని, ఆ తేదీకి ముందు తాజా స్కాన్ ఒకటి తేవాలని కనుక్కుని వచ్చింది. వచ్చీరాగానే మా గదికి దిగింది.

"అన్నా, స్టిక్కర్లు బంద్. డిస్క్ మీదనే పేరు పడే ప్రింటర్ కావాలె. ఆమె కొత్త స్కాన్‌కు వచ్చేటాలకు ఉండాలె."

మా ఆసుపత్రిలో ఒక మిషన్ కొనాలంటే ఎంత కాలం పడుతుందో ఆమెకి తెలుసు. తెలిసే అడిగింది. నేను కూడా లేదనలేకపోయాను, ఆ లేత్ మిషన్ ఆయన ముఖం నేనూ చూశాను కదా.

రెండు కంపెనీలవాళ్ళని పిలిపించాను. మొదటి ఆయన తెచ్చింది ఇంక్‌జెట్, అంటే సిరాతో రంగులు చల్లే మిషన్. పైన తెల్లటి పూత ఉన్న డిస్కులు దీనికి కావాలి. ఆయన తెలివైనవాడు. వచ్చేముందే మా ఆసుపత్రి ముందు నిలబడి ఫోటో తీసుకున్నాడు. డిస్క్ మీద మా బిల్డింగు, పైన నీలాకాశం, కింద మా గుర్తు, పేషంటు పేరు అన్నీ రంగుల్లో ప్రింట్ తీసి పెద్ద డాక్టరు గారి చేతికిచ్చాడు. మా బిల్డింగు ఎప్పుడూ అంత అందంగా లేదు. పెద్ద డాక్టరు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "చాలా బాగుందండీ. మన పక్క వీధిలో కొత్తగా పెట్టిన సెంటర్‌వాళ్ళు ఇలాంటివే ఇస్తున్నారు" అన్నారు.

రెండో ఆయన తెచ్చింది థర్మల్. వేడితో రిబ్బన్ మీది నలుపుని డిస్క్ మీదికి దించుతుంది. రంగుల్లేవు, ఫోటోల్లేవు. డిస్క్ మధ్య రంధ్రానికి పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ, అందులో నల్లటి అక్షరాలు. అంతే. పక్కనే మా బిల్డింగు మెరిసిపోతుంటే ఈ నల్లటి డిస్క్ పాపం సావు కబురు కాగితంలాగా ఉంది. పెద్ద డాక్టరు గారు ఒకసారి చూసి బల్ల మీద పెట్టేశారు. "ఆ రంగుల దానికే ఆర్డర్ పెట్టేద్దాం" అన్నారు.

మేడం అప్పటిదాకా మాట్లాడలేదు. అప్పుడు లేచి ఇద్దరినీ ఒకటే అడిగింది. "డిస్క్ మా చేతులకెంచి పోయినంక ఎక్కడుంటదో మీకు ఎరుకేనా?"

ఫైల్లో ఉంటుందన్నాడు రంగులాయన. కవర్లో, అన్నాడు రెండో ఆయన.

"సార్, కొన్ని దినాలు టైం ఇయ్యుర్రి. రెండు మిషన్లు ఇక్కడనే ఉంచమనుర్రి" అంది పెద్ద డాక్టరు గారితో. ఆయన నావైపు చూశారు. డెమో మిషన్లు అట్టిపెట్టుకోవడం పద్ధతే అన్నాను. అది నిజంగానే పద్ధతి, అబద్ధం కాదు.

ఆ తరువాత ఆమె చేసిన పని చూసి మొదట నాకు నవ్వొచ్చింది. రెండు మిషన్ల మీదా ఊరికే ఏవో పేర్లు పెట్టి ఖాళీ డిస్కులు ప్రింట్ చేసింది. ఫిజియోథెరపీకి రోజు విడిచి రోజు వచ్చే పేషంట్లు ఉంటారు కదా, వాళ్ళ వెంట వచ్చేవాళ్ళని కూర్చోబెట్టి ఒక్కొక్కరికి ఒక రంగుదీ, ఒక నల్లదీ ఇచ్చింది. "ఇవి మీ ఇంట్లోల్ల రిపోర్ట్ అనుకోర్రి. మీ రిపోర్ట్ ఎట్ల ఉంచుకుంటరో గట్లనే ఉంచుకోర్రి. మళ్ళ వచ్చేటప్పుడు తేర్రి" అంది. జాగ్రత్త అని గానీ, తడపొద్దని గానీ ఒక్క మాట అనలేదు. లేత్ మిషన్ ఆయన మందులకోసం వస్తే ఆయనకి కూడా ఒక జత ఇచ్చింది.

జాగ్రత్తలు చెప్పి ఇవ్వచ్చు కదా మేడం, అన్నాను.

"చెప్పిచ్చేటిదైతే ఎవ్వరి డిస్కన్నా మంచిగనే ఉంటదన్నా. చెప్పకపోతే ఏమైతదో అది సూడాలె మనం" అంది.

డిస్కులు తిరిగి రావడం మొదలైంది. అవి ఎక్కడెక్కడ తిరిగి వచ్చాయో వింటుంటే నా నవ్వు ఆగిపోయింది. ఒకరి డిస్క్ టిఫిన్ డబ్బాతోపాటు సంచిలో ప్రయాణం చేసింది, చింతపులుసు కారింది. ఇంకొకరిది చర్లపల్లి నుంచి బండి మీద వానలో వచ్చింది. చాలామందివి దేవుడి ఫోటో దగ్గర ఉన్నాయి. రిపోర్టు రాగానే దేవుడి ముందు పెట్టి, నాలుగు పసుపు చుక్కలూ కుంకుమా పెట్టి, మంచి కబురు రావాలని దండం పెట్టుకుంటారు. చర్చికి పోయేవాళ్ళు ప్రార్థన కూటానికి పట్టుకుపోతారు. పాస్టర్ గారు దాని మీద నూనె రాసి, చేయి పెట్టి ప్రార్థన చేస్తారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను కొనిచ్చిన ఫైళ్ళు ఎక్కడికి పోతున్నాయో నాకు తెలియదు. ఆమెకి తెలుసు. ఎందుకంటే ఎవరు ఏది తెచ్చినా దాని మీది మరకలు చూసి, ఇది ఎక్కడిది అని అడిగే అలవాటు ఆమెకుంది.

అన్నిటిలోకీ గొప్పది జవహర్‌నగర్ నుంచి వచ్చే ఒక పెద్దమ్మది. పెద్దాయన్ని ఫిజియోథెరపీకి తీసుకొస్తుంది. పసుపు అంటి డిస్క్ మురికైందని సబ్బు పెట్టి కడిగి, బట్టల తీగకి క్లిప్పు పెట్టి ఆరేసిందట. "సుబ్బరంగ తెచ్చిన సూడు బిడ్డా" అని గర్వంగా మేడం చేతికిచ్చింది. రంగుల డిస్క్ నిజంగానే శుభ్రంగా ఉంది. బిల్డింగు లేదు, ఆకాశం లేదు, పేరూ లేదు. మేడం ఆ పెద్దమ్మని దగ్గరికి తీసుకుని, "నువ్వు మస్తు పని జేసినవ్ పెద్దమ్మా" అంది. అది వెక్కిరింపు కాదు.

నిర్ణయం జరగాల్సిన రోజు పెద్ద డాక్టరు గారి గదిలో అందరం కూర్చున్నాం. కంపెనీలవాళ్ళిద్దరూ వచ్చారు. పెద్ద డాక్టరు గారి మనసు ఇంకా ఆ బిల్డింగు మీదే ఉందని నాకు తెలుస్తూనే ఉంది. ఆర్డర్ కాగితం కూడా ఆయన ముందే ఉంది. మేడం ఒక గుడ్డ సంచి తీసుకొచ్చి, డిస్కులన్నీ ఆయన బల్ల మీద జతలు జతలుగా పరిచింది. గది అంతా పసుపు, నూనె, చింతపులుసు వాసన.

"సార్, గీ రంగుల వాటి మీద పేర్లు జర చదువుర్రి" అంది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒకటి తీశారు. నీలం రంగు పాకి పేరంతా మసకైంది. ఇంకొకటి తీశారు, పసుపు తడికి సగం పేరు కరిగి బిల్డింగులో కలిసిపోయింది. తరువాత నల్లవి తీశారు. మరకలు వాటి మీదా ఉన్నాయి. పేర్లు మాత్రం చదువుకుంటూ పోయారు, ఎక్కడా ఆగలేదు.

రంగులాయన గొంతు సవరించుకుని, "సార్, ఇది నార్మల్ వాడకం కాదు సార్" అన్నాడు.

"ఇదే మా నార్మల్" అంది మేడం.

ఆయన వదల్లేదు. తడికి పోని ప్రత్యేకమైన డిస్కులు కూడా ఉంటాయి, అవి వాడితే ఇబ్బందే ఉండదన్నాడు. అదీ నిజమే. ఇక్కడ మాత్రం నేను నోరు తెరిచాను. నా ముప్పై ఏళ్ళ స్టోర్స్ అనుభవం ఇంకెందుకు? ఒక మిషన్‌కి రెండు రకాల డిస్కులు పడతాయంటే, మంచి రకం అయిపోయిన రోజు స్టోర్స్‌వాళ్ళు మామూలు రకం పంపిస్తారు. చూడ్డానికి రెండూ తెల్లగానే ఉంటాయి. ఆ రోజు డిస్క్ తీసుకున్న పేషంటుకి ఆ సంగతి ఎవరూ చెప్పరు. ఇదే చెప్పాను. మేడం నావైపు చూసి తల ఊపింది. ఆమె తల ఊపడం మా ఆసుపత్రిలో పతకంతో సమానం.

పెద్ద డాక్టరు గారు ఇంకో పసుపు డిస్క్ చేతిలోకి తీసుకున్నారు. "మేడం, ఇవన్నీ మనం ఒక కాగితం మీద రాసి ఇస్తే సరిపోదా? తడి తగలనివ్వవద్దు, దేవుడి దగ్గర పెట్టవద్దు అని" అన్నారు.

అప్పుడు ఆమె గొంతు తగ్గించింది. స్కాన్ బల్ల దగ్గర మాట్లాడే గొంతు అది. "దేవుని దగ్గర వెట్టొద్దని ఎట్ల చెప్తం సార్? మనం డిస్క్ ఇచ్చి పొమ్మంటం. అండ్ల ఏమున్నదో వాళ్ళకు కనవడదు. భయం మాత్రం ఉంటది. ఇంటికి వోయి ఎవ్వరికి చూపియ్యాలె? చూపిచ్చుకోనీకి ఉన్నది దేవుడొక్కడే. డిస్క్ అక్కడికి వోతది, వోనియ్యాలె. వోయి వచ్చినంక గుడ పేరు ఉండాలె. అంతే సార్ నేనడిగేది."

పెద్ద డాక్టరు గారు చేతిలో ఉన్న పసుపు డిస్కుని చూస్తూ మెల్లగా నవ్వారు. "మా అమ్మ షుగర్ రిపోర్టు కూడా వెంకన్న ఫోటో వెనకే ఉంటుందండీ. పైగా నేను డాక్టర్ని" అన్నారు. ఆ ఆర్డర్ కాగితం మీద పేరు కొట్టేసి, రెండో ఆయన కంపెనీ పేరు రాసి నాకిచ్చారు. ఆయన గొప్పతనం కూడా చెప్పుకోవాలి. అంత ఇష్టపడ్డ బిల్డింగుని అంత తేలిగ్గా వదులుకున్న పెద్దమనుషులు నాకు ఎక్కువమంది తగల్లేదు.

పని అయిపోయిందనుకుని నేను లేవబోయాను. మేడం కాలేదంది. పేరు తెలుగులో పడాలంది. థర్మల్ ఆయన ఇంగ్లీషులో తప్ప ఎవరూ అడగలేదన్నాడు. "డిస్క్ మోసేటోళ్ళు చదవనీకి రావాలె గదా. ఇంగ్లీషు పేరు దవాఖానోళ్ళకు, తెలుగు పేరు ఇంటోళ్ళకు. పై పట్టీల ఒకటి, కింది పట్టీల ఒకటి" అంది. ఆయన అక్కడే ప్రయత్నించాడు. మొదట అక్షరాలు చిన్నవై ఒత్తులన్నీ ముద్దగా కలిసిపోయాయి. సైజు పెంచి, మళ్ళీ పెంచి చూశాడు. చివరికి ఒత్తులు విడివిడిగా, స్పష్టంగా పడ్డాయి. పేరు తప్ప ఇంకేమీ పట్టనంత పెద్ద అక్షరాలయ్యాయి. "గిట్లనే ఉండాలె" అంది మేడం.

కాగితాలు వెంటపడి తిప్పి, లేత్ మిషన్ ఆయన భార్య కొత్త స్కాన్‌కి వచ్చే రోజుకి మిషన్ తెచ్చి పెట్టాను. నా ఉద్యోగంలో అంత వేగంగా ఏదీ కొనలేదు. అప్పటికి ఆమెకి మాటలు ఇంకా తగ్గిపోయాయి. ఊఁ, ఊహూఁ తప్ప పెద్దగా ఏమీ రావడం లేదు. స్కాన్ అయ్యాక మేడం డిస్క్ ప్రింట్ తీసి, తెలుగు పేరున్న పట్టీ ఆమెకి చూపించింది. ఆమె దాన్ని చూసింది. చదవలేకపోయింది. వేలితో అక్షరాల మీద ఒకసారి దిద్ది, మేడం ముఖంలోకి చూసి, తల అడ్డంగా ఊపింది. పక్కనున్న భర్త మొహం తిప్పుకున్నాడు. చర్చిలో అందరి ముందూ నిలబడి చదివిన మనిషి ఆమె.

"ఏం గాదు. ఇప్పుడు ఇదే నీ దిక్కు మాట్లాడతది" అంది మేడం.

ఆ డిస్క్ ఆమె పుట్టింటివాళ్ళ చర్చికి పోయింది. అత్తగారింటి దేవుడి దగ్గరికీ పోయింది. తరువాత పెద్ద దవాఖానాలో డిస్కుల దొంతరలోకి చేరింది. ఈసారి లోపలినుంచి ఎవరూ బయటికి వచ్చి అది ఎవరిదని అడగలేదు. పేరు పెట్టి పిలిచారు. ఆమె లేచి నిలబడింది, భర్త చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. ఇదంతా ఆయనే ఫోన్ చేసి మేడంకి చెప్పాడు. ఆపరేషన్ అయింది. మాట ఎంతవరకు వస్తుందో ఇప్పుడే చెప్పలేమన్నారట.

కొన్ని నెలలకి వాళ్ళిద్దరూ మళ్ళీ స్కాన్‌కి మా ఆసుపత్రికి వచ్చారు. ఆ రోజు నేను ఏదో పనిమీద పైకి పోయి స్కాన్ గది ముందే ఉన్నాను. పని ఏమిటో ఇప్పుడు గుర్తులేదు, బహుశా పనే లేదేమో. ఆమె తలకి స్కార్ఫ్ కట్టుకుని బల్ల మీద కూర్చుంది. జుట్టు అప్పుడప్పుడే మొలుస్తోంది. భర్త సంచిలోంచి పాత డిస్క్ తీసి మేడంకి ఇచ్చాడు. దాని మీద ఒక పక్క నూనె మరక, ఇంకో పక్క పసుపు. మధ్యలో నల్లటి అక్షరాలు ప్రింట్ తీసిన రోజు ఎలా ఉన్నాయో అలానే ఉన్నాయి.

మేడం దాన్ని కొంగుతో ఒకసారి తుడిచి ఆమె ముందుకి పట్టుకుంది. "ఇది ఎవలది?" అంది.

భర్త చెప్పబోయాడు. మేడం చూసిన చూపుకి నోరు మూసుకున్నాడు.

ఆమె డిస్క్ చేతిలోకి తీసుకుంది. మొదటి అక్షరం మీద వేలు పెట్టింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. మళ్ళీ మొదటి అక్షరానికి వచ్చింది. ఈసారి ఒక అక్షరం వినబడింది, కాసేపటికి ఇంకొకటి, బడికి కొత్తగా పోయిన పిల్లలు చదివినట్టు కూడబలుక్కుంటూ తన పేరు చివరి ఒత్తు దాకా చదివింది. చదివి, తలెత్తి, మేడం వైపు చూసి, "నాది" అంది.

మేడం కళ్ళు తుడుచుకుంది, దాచుకోలేదు. నేనూ తుడుచుకున్నాను, గోడ వైపు తిరిగి.

"అయితే లోపలికి రా" అని మేడం తలుపు తీసి పట్టుకుంది.

పెళ్ళి వీడియోలాయనకి ఇంత కథ చెప్పలేదు, ఆయనకి బస్సు టైమయింది. ఆయన డిస్కులు వెల్వెట్ పెట్టెలో, బీరువాలో ఉంటాయన్నాడు. అలా అయితే రంగులదే కొనుక్కోమన్నాను. పెళ్ళికూతురు ముఖం నలుపులో ఎవరికి కావాలి? అయితే బీరువాలోకి పోయేముందు దానికి పసుపు పెట్టే ఇళ్ళు ఉంటాయి, వాళ్ళు పెడతారా లేదా అని ముందే అడిగి, పెట్టేవాళ్ళకి తడికి ఆగే డిస్కులు వాడమన్నాను. ఆయన మెట్లు దిగుతూ ఆగి, "అన్నా, గివన్ని మీకెట్ల ఎరుక?" అన్నాడు. మా మేడం చెప్పిందన్నాను.